హద్దురాళ్లు

అమ్మాయీ,

మార్వెల్ వాళ్ల సూపర్‌హీరో టీవీ సిరీస్ వాండావిజన్ మీద నువ్వు పంపిన ఎనిమిది పేజీలూ చదివాను. మొదటి పేజీలోనే చిరాకేసింది. "నేను మార్వెల్ అభిమానిని కాను, వెనకటి సినిమాలు చూడలేదు, తప్పులుంటే క్షమించండి" అని మూడుసార్లు రాశావు. ఎందుకమ్మా ఈ సంజాయిషీ? వాండా ప్రేమించిన విజన్ 2018 సినిమాలోనే చనిపోయాడని తెలియకపోయినా, మనిషి పోయిన ఇల్లు ఆ తొమ్మిది ఎపిసోడ్లలో నీకు కనబడింది. అది చాలు.

తర్వాత కథంతా చెప్పి, చివర ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు. మొదటి ఆట వదలకముందే మార్కులేసే సమీక్షల నుంచి అంటిన జబ్బిది. వాటిమీద నాకు ఏళ్లనాటి కోపం. నలుపు తెలుపు ఎపిసోడ్లు నత్తనడక నడిచాయని మైనస్‌లో వేశావు. ఎనిమిదోది చూశాక కూడానా? కథలో తను పుట్టిన దేశం సొకోవియాలో బాంబు పడ్డ రాత్రి వాండా అమ్మానాన్నలతో కూర్చుని చూస్తున్నది అలాంటి పాత అమెరికన్ కామెడీయే. ఆ పిల్లకు ఇల్లంటే గుర్తున్నది అదే. అందరూ పోయాక తన మాయతో కట్టుకున్న ఇల్లు ఇంకెలా ఉంటుంది?

ఇక ఆరో పేజీ. న్యూజెర్సీలోని వెస్ట్‌వ్యూలో విజన్ కొన్న స్థలం. పునాదులు తప్ప ఏమీ లేవు. వాండా చేతిలో ఆ స్థలం పటం, దానిమీద గుండె బొమ్మ, కలిసి ముసలివాళ్లం కావడానికి అన్న మాట. ఆమె కూలబడింది. అక్కడ టీవీ ఆపేశానన్నావు. "మా నాన్న కొన్న ప్లాటులో ఇప్పటికీ హద్దురాళ్లే ఉన్నాయి" అని రాసి, మరు వాక్యంలో గ్రాఫిక్స్ ఎత్తుకున్నావు!

నేను కాగితాలు పక్కనపెట్టి చాలాసేపు కూర్చుండిపోయాను. ఎందుకు పారిపోయావు అక్కణ్ణుంచి? వ్యాసం నిండా "భావోద్వేగం" అన్న మాట పదకొండుసార్లుంది. అన్నీ కొట్టెయ్. ఆ రాళ్ల గురించి చెప్పు. నాలుగూ నిలబడే ఉన్నాయా, పక్కవాళ్లు ఒకటి జరిపారా? తుమ్మచెట్లు మొలిచాయా? కాగితాలు బీరువాలో ఎవరి చీరల కింద ఉన్నాయి?

నా మొదటి కథ అమ్మ పోయిన ఏడాది రాశాను. కిటికీలో ఆమె కళ్లజోడు, ఒక కాడకు చుట్టిన తెల్లదారం. అదే నా కథ. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ దారం తీసేసి "దుఃఖం కట్టలు తెంచుకుంది" అని పెట్టి అచ్చేశాడు. ఆ దారం చుట్టింది మా నాన్న. ఆ సంచిక ఆయనకు చూపించలేకపోయాను. నలభై ఏళ్లయింది, ఇప్పటికీ ఆ వాక్యం కనిపిస్తే ఒళ్లు మండుతుంది.

కలంపేరు సంగతీ, ఏ పత్రికకు పంపాలన్నదీ ఇప్పుడొద్దు. సెలవు దొరికినప్పుడు ఆ ప్లాటుకు వెళ్లిరా. అమ్మ వస్తానంటే వెంట తీసుకెళ్లు. ఆమె అక్కడ ఏ రాయి దగ్గర నిలబడిందో చూసి, అక్కణ్ణుంచి మొదలుపెట్టి నాకు మళ్లీ రాయి.

ఆశీస్సులతో.