పైథాన్ 3.7 సపోర్ట్ తీసేస్తే పాత యూజర్ల పరిస్థితి ఏంటి?

మీరు రెండు అడిగారు: మీ లైబ్రరీలో 3.7 సపోర్ట్ తీసేయొచ్చా, తీసేస్తే ఇంకా దాని మీదే ఉన్నవాళ్లకి ఇబ్బంది అవుతుందా అని.

తీసేయండి. 3.7కి సెక్యూరిటీ ప్యాచ్‌లు 2023 జూన్‌లోనే ఆగిపోయాయి. 3.8 గడువు కూడా 2024 అక్టోబర్‌లో తీరింది కాబట్టి రెండూ ఒకేసారి తీసేయడం మేలు. పైథాన్ టీమే వదిలేసిన వెర్షన్‌ని, తీరిక వేళల్లో పనిచేసే మీరు మోయక్కర్లేదు.

రెండోది మాత్రం మీ చేతుల్లో ఉంది. నేను చూసుకునే లైబ్రరీ ఆధారపడే ఓ ప్యాకేజీ వాళ్లు 3.7ని వదిలేశారు గానీ ఆ సంగతి మెటాడేటాలో (ప్యాకేజీతో పాటు వెళ్లే వివరాల్లో) రాయలేదు. ఏ పైథాన్ వెర్షన్లు కావాలో చెప్పే 'రిక్వైర్స్-పైథాన్' అనే లైన్ అక్కడ ఉండాలి. దాంతో 3.7 వాడేవాళ్లకి కూడా పిప్ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) కొత్త రిలీజ్‌నే తెచ్చిపెట్టింది. ఇన్‌స్టాల్ బాగానే అయ్యేది, ఇంపోర్ట్ చేయగానే 3.8లో కొత్తగా వచ్చిన వాల్రస్ ఆపరేటర్ (:=) దగ్గర సింటాక్స్ ఎర్రర్! ఫిర్యాదులన్నీ మా ఇష్యూ ట్రాకర్‌కి వచ్చాయి. తర్వాతి రిలీజ్‌లో వాళ్లు ఆ లైన్ చేర్చినా లాభం లేకపోయింది. పిప్ దాన్ని దాటేసి, లైన్ లేని రిలీజ్‌నే మళ్లీ పట్టుకునేది. ఆ రిలీజ్‌ని పైపీఐలో (పిప్ ప్యాకేజీలు తెచ్చుకునే సైట్‌లో) యాంక్ చేశాకే, అంటే పిప్ మామూలుగా దాన్ని ఎంచుకోకుండా గుర్తు పెట్టాకే, గొడవ సద్దుమణిగింది.

అందుకే రిక్వైర్స్-పైథాన్ విలువని '>=3.9' అని ముందే మార్చండి. 2016లో వచ్చిన పిప్ 9 నుంచి ఇది పనిచేస్తోంది: పాత పైథాన్ ఉన్నవాళ్లకి తమకి సరిపడే ఆఖరి రిలీజ్ దానంతటదే వస్తుంది, వాళ్ల కోడ్ ఎప్పటిలాగే నడుస్తుంది. '<4' లాంటి పైహద్దు మాత్రం పెట్టకండి.

వెర్షన్‌లో మేజర్ నంబర్ (మొదటిది) పెంచాలా అంటే, నా ఉద్దేశంలో మైనర్ (రెండోది) చాలు. లెక్కల లైబ్రరీ నంపై 1.17లోనే పైథాన్ 2.7ని వదిలేసింది, 2.0 దాకా ఆగలేదు. 1.16కి మాత్రం 2019 చివరిదాకా బగ్ ఫిక్స్‌లు ఇచ్చింది. అంత ఓపిక మీకు లేకపోతే, ఏది ఆఖరి రిలీజో నోట్స్‌లో స్పష్టంగా రాస్తే చాలు.

'మా సర్వర్ మార్చలేం' అనేవాళ్లు తప్పకుండా వస్తారు, వాళ్ల ఇబ్బంది నిజమే. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో సిస్టమ్ పైథాన్ ఇప్పటికీ 3.6. కానీ దాన్ని కదపకుండా పక్కనే 3.11 పెట్టుకోవచ్చు. ఆ దారి చూపించండి, విసుక్కోకండి.

రిలీజ్‌కి ముందు 3.7 వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (విడిగా ఉంచిన పైథాన్ సెటప్‌లో) మీ వీల్ ఫైల్‌ని (ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా ఉన్న ప్యాకేజీని) నేరుగా ఇన్‌స్టాల్ చేసి చూడండి. వేరే పైథాన్ కావాలంటూ పిప్ ఒప్పుకోకపోతే అంతా సరిగ్గా ఉన్నట్టే.