‘సిస్టమ్ క్వార్టర్‌బ్యాక్’ అన్న ముద్రకు భయపడాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అబ్బాయి పదకొండో తరగతి. స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు విసురుతూ ఆటని నడిపించేవాడు. రెండు కాలేజీల కోచ్‌లు స్కాలర్‌షిప్ ఇస్తామంటున్నారు. ఒక దాంట్లో పాస్‌ల మీదే నడిచే ‘ఎయిర్ రెయిడ్’ ఆట, మ్యాచ్‌కి నలభై, యాభై పాస్‌లు విసిరిస్తారు. మొదటి ఏడాదే ఆడించే అవకాశం ఉందట. రెండోది కాస్త పేరున్న కాలేజీ, ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) తరహా ఆట. అక్కడ రెండేళ్లు బెంచీ మీద ఉండాల్సి రావచ్చు. ‘మొదటి దాంట్లో ఎన్ని యార్డులు (పాస్‌లతో ముందుకెళ్లిన గజాలు) సాధించినా అది సిస్టమ్ (కోచ్ ఆడించే పద్ధతి) గొప్పతనమే అంటారు, ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్లు లెక్కలోకి తీసుకోరు’ అని వాడికి ట్రైనింగ్ ఇచ్చే ప్రైవేటు కోచ్ చెప్పారు. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్ సక్సెస్ నిజంగా సిస్టమ్ మీదే ఆధారపడుతుందా?
- ఒక తండ్రి

జవాబు: ఆ కోచ్ గారి మాటలో మొదటి సగం నిజమండి. యార్డుల లెక్క చాలావరకు సిస్టమ్‌దే. ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్లు లెక్కలోకి తీసుకోరన్న రెండో సగం మాత్రం పాతబడిపోయింది.

మొదటి సగానికి రుజువు మీ రాష్ట్రంలోనే ఉంది. లబ్బక్‌లోని టెక్సస్ టెక్‌లో మైక్ లీచ్ 2000 నుంచి 2009 దాకా కోచ్. 2002లో అతని క్వార్టర్‌బ్యాక్ క్లిఫ్ కింగ్స్‌బరీ 5,017 యార్డులు విసిరాడు. అతను చదువైపోయి వెళ్లాక, అన్నేళ్లూ బెంచీ మీద ఉన్న బి.జె. సైమన్స్ 2003లో 5,833 విసిరాడు. 2004లో సన్నీ కంబీ 4,742. 2005లో కోడీ హాడ్జెస్ 4,238. ఏటా మనిషి మారాడు, నాలుగు వేలు మాత్రం ఎప్పుడూ తగ్గలేదు. వీళ్లలో అందరికంటే ఎక్కువ విసిరిన సైమన్స్‌ని డ్రాఫ్ట్‌లో (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) చిట్టచివరిదైన ఏడో రౌండ్‌లో హ్యూస్టన్ టెక్సన్స్ తీసుకుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్‌లో అతనికి ఒక్క పాస్ విసిరే అవకాశం కూడా రాలేదు. తర్వాత వచ్చిన గ్రేహమ్ హారెల్ కాలేజీలో 134 టచ్‌డౌన్ పాస్‌లు (బంతిని చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చేవి) విసిరినా, 2009 డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు.

అంతకుముందు ముచ్చట హ్యూస్టన్ యూనివర్సిటీది. అక్కడ పాస్‌ల మీదే నడిచే మరో పద్ధతి ‘రన్ అండ్ షూట్’ ఆడేవారు. 1989లో ఆండ్రే వేర్‌కి, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హెయిస్‌మన్ ట్రోఫీ వచ్చింది. మరుసటి ఏడాది డేవిడ్ క్లింగ్లర్ ఒకే మ్యాచ్‌లో 11 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. అంకెలు చూసి మురిసిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు డ్రాఫ్ట్‌లో వేర్‌ని ఏడో స్థానంలో, క్లింగ్లర్‌ని ఆరో స్థానంలో తీసుకున్నాయి. ఇద్దరూ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలదొక్కుకోలేదు. ‘సిస్టమ్ క్వార్టర్‌బ్యాక్’ అన్న ముద్ర ఇలాంటి అనుభవాలతోనే గట్టిపడింది.

ఈ అంకెలు ఎందుకలా వస్తాయో తెలిస్తే భయం సగం పోతుంది. ఎయిర్ రెయిడ్‌ని హాల్ మమ్మి, మైక్ లీచ్ కలిసి 1989లో అయోవా వెస్లియన్ అనే చిన్న కాలేజీలో మొదలుపెట్టారు. పెద్ద కాలేజీలు వద్దన్న కుర్రాళ్లతో గెలవడం వాళ్ల అవసరం. అందుకని ప్లేలు (ముందే అనుకున్న ఎత్తుగడలు) కొన్నే పెట్టుకుని వాటినే రోజూ సాధన చేయించారు. నలుగురు రిసీవర్లను (పాస్ అందుకునేవాళ్లను) మైదానం వెడల్పంతా పరిస్తే డిఫెన్స్ కూడా సాగిపోయి మధ్యలో ఖాళీలు బయటపడతాయి. చాలా ప్లేలలో క్వార్టర్‌బ్యాక్ మైదానంలో ఒక సగాన్ని చూసుకుంటే సరిపోతుంది. బంతి చప్పున చేతిలోంచి వెళ్లిపోతుంది. నాలుగు గజాల పాస్ అందుకుని రిసీవర్ ముప్ఫై గజాలు పరిగెత్తినా, మొత్తం క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనే పడుతుంది. కాలేజీ రూల్స్ కూడా దీనికి కలిసొస్తాయి. మైదానం మీద రెండు హ్యాష్ మార్కుల (ప్లే మొదట్లో బంతిని ఈ గీతల మధ్యే పెట్టాలి) వరసల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులైతే, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర అడుగులే. బంతి ఒక హ్యాష్ దగ్గర ఉంటే రెండో పక్క డిఫెన్స్ కాయాల్సిన జాగా చాలా పెరిగిపోతుంది. పాస్ వేసేలోపు లైన్‌మెన్ (క్వార్టర్‌బ్యాక్‌కి కాపు కాసేవాళ్లు) కాలేజీలో మూడు గజాలు ముందుకెళ్లొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే.

కాబట్టి ఐదు వేల యార్డులు చూసి ఎవరూ మూర్ఛపోనక్కర్లేదు. అలాగని ఆ కుర్రాడిలో సరుకు లేదనీ అనలేం. కార్పొరేట్ కాలేజీలో ర్యాంకు కొట్టిన పిల్లాణ్ని చూసి ‘అదంతా కాలేజీ రుద్దుడు’ అని తీసిపారేసే బంధువులు మనలో ఉంటారు కదా, అలాంటిదే ఈ మాట. రుద్దుడూ నిజమే, ర్యాంకూ నిజమే. పిల్లాడు ఏపాటివాడో తెలియాలంటే ఇంకేదో చూడాలి.

ప్యాట్రిక్ మహోమ్స్ వచ్చింది అదే టెక్సస్ టెక్ నుంచి. అప్పటికి కోచ్ ఎవరో తెలుసా, ఆ 2002 నాటి కింగ్స్‌బరీయే. 2016లో మహోమ్స్ ఐదు వేల యార్డులు దాటించాడు, జట్టు మాత్రం 5 గెలిచి 7 ఓడింది. ‘మళ్లీ అదే సిస్టమ్’ అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. కాన్సాస్ సిటీ చీఫ్స్ అంకెల్ని పక్కన పెట్టి, ప్లే చెడిపోయినప్పుడు అతనేం చేస్తున్నాడో చూసింది. 2017లో పదో స్థానంలో తీసుకుని, ఏడాదిపాటు సీనియర్ క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్ వెనక కూర్చోబెట్టింది. 2018లో అతను 50 టచ్‌డౌన్ పాస్‌లతో ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. ఆ తర్వాత మూడు సూపర్‌బౌల్స్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్స్) గెలిచాడు.

ఎన్‌ఎఫ్‌ఎల్ కూడా కాలేజీ ఆట నుంచి చాలా నేర్చుకుంది. 2018లో ఓక్లహోమాకి చెందిన బేకర్ మేఫీల్డ్, 2019లో అదే జట్టు నుంచి కైలర్ మర్రీ వరసగా మొదటి స్థానంలో డ్రాఫ్ట్ అయ్యారు. ఇద్దరూ లింకన్ రైలీ దగ్గర ఎయిర్ రెయిడ్ వంశానికి చెందిన ఆట ఆడినవాళ్లే. మర్రీ మీ పక్కనున్న ఆలెన్ హైస్కూల్ కుర్రాడని మీ అబ్బాయికి నేను చెప్పనక్కర్లేదు.

రివర్స్ కేసు కూడా అదే 2018 డ్రాఫ్ట్‌లో ఉంది. యూసీఎల్‌ఏ నుంచి వచ్చిన జాష్ రోజెన్‌ని ‘ఎన్‌ఎఫ్‌ఎల్‌కి రెడీగా ఉన్నవాడు’ అన్నారు. పదో స్థానంలో తీసుకున్న అరిజోనా ఏడాదికే వదిలేసుకుంది. వయోమింగ్‌లో 56 శాతం పాస్‌లే సరిగ్గా వేసిన జాష్ ఆలెన్ ఏడో స్థానంలో పోయి, 2024 సీజన్ ఎంవీపీ అయ్యాడు. ‘ప్రో స్టైల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ తరహా) కాలేజీలో చేరితే దారి ఖాయం’ అనుకునేవాళ్లు రోజెన్ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

సిస్టమ్ ప్రభావం కళ్లకు కట్టాలంటే నేను జో బరో పేరే చెబుతాను. ఒకే మనిషి, ఒకే కాలేజీ, రెండు సీజన్లు. ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 2018లో అతనివి 16 టచ్‌డౌన్ పాస్‌లు, సరైన పాస్‌లు 57.8 శాతం. 2019లో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ నుంచి జో బ్రేడీ అనే కుర్ర కోచ్ వచ్చి పాసింగ్ ఆటని మార్చాడు. ఆ ఏడాది 60 టచ్‌డౌన్ పాస్‌లు, 76.3 శాతం, పదిహేనుకు పదిహేను విజయాలు, హెయిస్‌మన్, ఆపైన డ్రాఫ్ట్‌లో మొదటి స్థానం. అవతల పాస్‌లు అందుకున్నది జమార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్ అన్నది మరిచిపోకూడదు. బరో చేయి మాత్రం 2018లోనూ అదే చేయి. సిస్టమ్ ప్రతిభని పుట్టించలేదు, బయటికి తెచ్చింది. కొన్నిసార్లు దాచేస్తుంది కూడా. 2025 డ్రాఫ్ట్‌లో మొదటి స్థానం దక్కిన క్యామ్ వార్డ్ టెక్సస్‌లో చదివిన హైస్కూల్ జట్టు ఎక్కువగా బంతి పట్టుకుని పరిగెత్తే ‘వింగ్ టీ’ ఆడేది. పాస్‌లే తక్కువ కావడంతో పెద్ద కాలేజీలు అతని వైపు చూడలేదు. శాన్ ఆంటోనియోలోని చిన్న యూనివర్సిటీ ఇన్‌కార్నేట్ వర్డ్‌లో ఎయిర్ రెయిడ్ కోచ్ ఎరిక్ మోరిస్ చోటిచ్చాడు. అక్కణ్నుంచి వాషింగ్టన్ స్టేట్, తర్వాత మయామీ.

ఇక మీ ఇంటి సంగతి. ‘ఎయిర్ రెయిడ్’ అన్న పేరు చూసి ఏదీ నిర్ణయించకండి. ఆ పేరుతో ఆడించే కోచ్‌లలో కూడా చాలా తేడా ఉంది. లీచ్ తన క్వార్టర్‌బ్యాక్‌కి లైన్ దగ్గర డిఫెన్స్‌ని చూసి ప్లే మార్చుకునే స్వేచ్ఛ బాగా ఇచ్చేవాడు. ఇంకొందరు కోచ్‌లు అన్నీ సైడ్‌లైన్ నుంచే చెప్తారు. కుర్రాడు తలెత్తి బోర్డు చూడటం, చెప్పిన చోటికి విసరడం, అంతే. ఈ రెండో రకంలో మూడేళ్లు గడిపినవాడికి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కష్టమే. క్యాంపస్‌కి వెళ్లినప్పుడు కోచ్‌ని మొహమాటం లేకుండా అడగండి. బ్లిట్జ్ (డిఫెన్స్ వాళ్లు ఎక్కువమంది క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకురావడం) వస్తుందని గుర్తించి లైన్‌మెన్‌కి చెప్పే బాధ్యత ఎవరిది, క్వార్టర్‌బ్యాక్‌దా, అతనికి బంతి అందించే సెంటర్‌దా, బెంచీ మీది కోచ్‌దా? ప్లే మార్చే అధికారం ఏ ఏడాది నుంచి ఇస్తారు? పోయిన సీజన్ మ్యాచ్ వీడియో పెట్టి, ఒక్కో ప్లేలో క్వార్టర్‌బ్యాక్ ఎవరెవర్ని చూడాలో మీ అబ్బాయికి వివరించమనండి. వీడియో తీయడానికి తటపటాయించే కోచ్‌ల దగ్గర నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదని నా అభిప్రాయం.

అంతకంటే ముఖ్యం, ఆ అఫెన్స్ (బంతి చేతిలో ఉన్నప్పటి ఆట) నడిపే కోచ్, అంటే కోఆర్డినేటర్ ఎన్నాళ్లు ఉంటాడన్నది. అలెక్స్ స్మిత్ 2005లో మొదటి స్థానంలో డ్రాఫ్ట్ అయి, శాన్ ఫ్రాన్సిస్కోలో మొదటి ఏడేళ్లలో ఏడుగురు కోఆర్డినేటర్లను చూశాడు. ఏటా కొత్త భాష నేర్చుకుంటూ ఆరేళ్లు పనికిరానివాడనిపించుకుని, ఏడో ఏట జిమ్ హార్బా వచ్చాక జట్టుకి 13 విజయాలు తెచ్చాడు. కాలేజీల్లో కోచ్‌లు ఇంకా వేగంగా మారతారు. కొందరు కుర్రాళ్లు కోచ్ వెంటే వెళ్లిపోతున్నారు. హ్యూస్టన్ బాప్టిస్ట్‌లో ఆడిన బెయిలీ జాపీ, కోఆర్డినేటర్ జాక్ కిట్లీతో పాటే 2021లో వెస్టర్న్ కెంటకీకి మారి, ఆ ఒక్క సీజన్‌లో 5,967 యార్డులు, 62 టచ్‌డౌన్ పాస్‌లు విసిరి, సైమన్స్ యార్డుల రికార్డు చెరిపేశాడు. నాలుగో రౌండ్‌లో న్యూ ఇంగ్లండ్ తీసుకుంది.

రెండో కాలేజీ మీద నాకున్న అనుమానం ఇక్కడే. ‘రెండేళ్లు ఆగితే నీదే’ అన్న హామీకి ఒకప్పుడు విలువుండేది. 2021 నుంచి ఒకసారి, 2024 నుంచి ఎన్నిసార్లైనా కాలేజీ మారి వెంటనే ఆడొచ్చు. దాంతో పెద్ద కాలేజీలు బెంచీ మీద ఎదురుచూస్తున్న కుర్రాడికి ఛాన్స్ ఇచ్చే బదులు, మరో చోట ఆడి అనుభవం గడించినవాణ్ని ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి తెచ్చుకుంటున్నాయి. క్వార్టర్‌బ్యాక్ మ్యాచ్ ఆడితేనే నేర్చుకుంటాడు. పై ప్రశ్నలకు సరైన జవాబులు వస్తే, నేను మొదటి కాలేజీకే ఓటేస్తాను.

మీరు చదువు ఊసే ఎత్తలేదు, అది నాకు కాస్త ఆశ్చర్యం. కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ లెక్కల ప్రకారం కాలేజీ ఫుట్‌బాల్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లేది 1.6 శాతం మందే. వాడికి ఇంజినీరింగ్ కావాలంటే ఆ కాలేజీలో ల్యాబ్ టైమింగ్స్, ప్రాక్టీస్ టైమింగ్స్ కలుస్తాయా అని ఇప్పుడే కనుక్కోండి. కాలేజీ మారితే క్రెడిట్స్ అన్నీ వెంట రావు, డిగ్రీ ఏడాది వెనక్కి పోవచ్చు. ఆట మీదే పిచ్చి ఉంటే కోచింగ్ కూడా మంచి కెరీరే. కింగ్స్‌బరీ తర్వాత అరిజోనా కార్డినల్స్‌కి హెడ్ కోచ్ అయ్యాడు. సన్నీ కంబీ లూసియానా టెక్‌కి హెడ్ కోచ్ అయ్యాడు. బోయిసీ స్టేట్‌లో 50 మ్యాచ్‌లు గెలిచి, మూడే ఓడి, అయినా డ్రాఫ్ట్ కాని కెల్లెన్ మూర్ 2025లో న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ పగ్గాలు అందుకున్నాడు.

చివరగా కాగితాల సంగతి. పదకొండో తరగతిలో కోచ్‌లు ఇచ్చేది నోటి మాటే. రాతపూర్వకంగా ఆఫర్ ఇవ్వాలంటే పన్నెండో తరగతి ఏడాది ఆగస్టు 1 దాకా ఆగాలి. ఈలోపు రెండు కాలేజీలతోనూ మాట్లాడుతూ ఉండండి. మీ అబ్బాయి అమెరికాలోనే పుట్టి ఉంటే సరే. హెచ్-4 (మీ ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా) మీద ఉంటే మాత్రం 21 ఏళ్లకు ఆ హోదా పోతుంది, విద్యార్థి వీసా ఎఫ్-1కి మారినా పేరు, ఫొటో వాడుకున్నందుకు కంపెనీలిచ్చే ఎన్‌ఐఎల్ డబ్బు తీసుకోవడం వీసాకి చిక్కు తెచ్చిపెట్టొచ్చు. ఏ అగ్రిమెంట్ మీదైనా వాడు సంతకం పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒకసారి చూపించండి.