సంగీతం రానివాళ్ళకి బ్రస్సెల్స్ వాద్యాల మ్యూజియం బోర్ కొడుతుందా?

బ్రస్సెల్స్‌లో ఒక్క పూటే ఉంటాం, అమ్మానాన్నలకి సంగీతం రాదు, వాద్యాల మ్యూజియానికి తీసుకెళ్ళొచ్చా అని అడిగారు కదా. నిక్షేపంగా తీసుకెళ్ళండి. మా నాన్నగారికీ స రి గ మ లు రావు, అయినా అక్కడి నుంచి బయటికి లాక్కురావడానికి నా తలప్రాణం తోకకొచ్చింది.

టికెట్‌తో పాటు ఆడియో గైడ్ తప్పకుండా తీసుకోండి. అది లేకపోతే మిగిలేది అద్దాల వెనక చెక్క, ఇత్తడి, తోలు మాత్రమే. చెవిలో మోగుతుంటే కథే వేరు. యూరప్ జానపద వాద్యాల్లో రకరకాల బ్యాగ్‌పైపులు ఉన్నాయి. వాటిని చూసి నాన్నగారు "ఇది మన తిత్తి కదరా" అన్నారు, వీధి భాగవతాల్లో శ్రుతికి ఊదే తోలుతిత్తి గుర్తొచ్చి. ఆయన సాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాలనాథ్ కచేరీలు విన్న మనిషి కాబట్టి సాక్సోఫోన్ల దగ్గర ఇంకాసేపు ఆగారు. దాన్ని కనిపెట్టిన అడాల్ఫ్ సాక్స్ బెల్జియం వాడే, 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్నాడు.

మనవాళ్ళకి చెప్పాల్సిన సంగతి ఇంకోటుంది. 1877లో ఈ మ్యూజియం మొదలైనప్పుడు దాని తొలి వాద్యాల్లో ఒక భాగం మన దేశానివే. కలకత్తాకు చెందిన రాజా శౌరీంద్రమోహన్ ఠాగూర్ 1876లో బెల్జియం రాజు రెండో లియోపోల్డ్‌కి దాదాపు వంద భారతీయ వాద్యాలు కానుకగా పంపారు.

ఇక భవనం. బోర్డు కోసం వెతుకుతూ దాటిపోకండి, ముఖభాగం మీద ఇప్పటికీ 'ఓల్డ్ ఇంగ్లండ్' అనే ఉంటుంది. పాల్ సాంటెనువా గీసిన నమూనాతో 1899లో ఇనుము, గాజుతో కట్టిన బట్టల దుకాణం అది. 1978లో ప్రభుత్వం కొని, బాగు చేయించింది. 2000లో మ్యూజియం ఇందులోకి వచ్చింది. లోపలికి వెళ్ళేముందు రోడ్డు అవతల నిలబడి ఒకసారి తలెత్తి చూడండి. తీగల్లా మెలికలు తిరిగిన ఆ ఇనుప పనితనం దగ్గరికెళ్తే కనిపించదు.

సెంట్రల్ స్టేషన్ నుంచి నడిచే దూరమే కానీ ఎత్తు ఎక్కాలి. పెద్దవాళ్ళకి మోకాళ్ళ నొప్పులుంటే టాక్సీ మేలు. లోపల లిఫ్ట్ ఉంది, పైకెళ్ళి ఒక్కో అంతస్తూ దిగుతూ రండి. పై అంతస్తు నుంచి ఊరు బాగా కనిపిస్తుంది. అన్నీ చూడాలని పరుగెత్తొద్దు, నచ్చిన వాటి దగ్గరే కూర్చుని వినండి. సోమవారం మాత్రం సెలవు.