పెద్దవాళ్లతో ఢిల్లీకి విమానం: రేణిగుంటా, చెన్నైయా?

అరవై దాటిన అమ్మానాన్నలను మొదటిసారి విమానంలో ఢిల్లీ చూపించాలి, తిరుపతి ఎయిర్‌పోర్టు ఉన్న రేణిగుంటలో ఎక్కాలా, చెన్నై పోవాలా, ఏ నెల మంచిది అని కదా అడిగారు. మాదీ తిరుపతే. మా వాళ్లను తీసుకెళ్లిన అనుభవంతో చెప్తున్నాను: పెద్దవాళ్లు వెంట ఉంటే రేణిగుంటే.

చెన్నై టికెట్ చవగ్గానే కనిపిస్తుంది. కానీ పుత్తూరు, నగరి మీదుగా కారులో మూడు గంటలు వేసుకోవాల్సిందే. పొద్దుటి ఫ్లైటైతే వాళ్లను అర్ధరాత్రి లేపాలి, కారు బాడుగ కూడితే మిగిలేదీ ఉండదు. కుర్రాళ్లయితే సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో సెంట్రల్‌కు పోయి, అక్కడ మెట్రో ఎక్కి ఎయిర్‌పోర్టులో దిగొచ్చు. అది వేరే లెక్క.

రేణిగుంట నుంచి హైదరాబాద్‌లో మారి వెళ్లొచ్చు. ఒకటే షరతు, రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉండాలి. అప్పుడు రేణిగుంటలో ఇచ్చిన లగేజీ ఢిల్లీలోనే తీసుకుంటారు. విడివిడిగా కొంటే మధ్యలో సామాను దింపుకుని మళ్లీ ఇవ్వాలి, మొదటిది లేటై రెండోది తప్పిపోతే ఆ టికెట్ డబ్బులు గోవిందా. మధ్యలో రెండు గంటలకు తక్కువ లేకుండా చూసుకోండి.

బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ కావాలని పెట్టండి. "నాకేం కాళ్లు లేవా" అని మా నాయన గొడవ. ఢిల్లీ మూడో టెర్మినల్‌లో బయటికొచ్చే నడక చూశాక కిమ్మనలేదు. సెక్యూరిటీ దగ్గర ఆయన వెండి మొలతాడుకు మెషిన్ కుయ్యిమంది. బెల్టు తీశాడు, వాచీ తీశాడు, అయినా ఆగలేదు. చివరికి చొక్కా కాస్త పైకెత్తి చూపిస్తే ఆ జవాను నవ్వి పంపించేశాడు. ముందే చెప్పి ఉంచితే టెన్షన్ పడరు.

ఊరగాయ జాడీలు చేతి సంచిలో వద్దు, చెక్-ఇన్ లగేజీలో గట్టిగా చుట్టి పెట్టండి. పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. ఎండుకొబ్బరి ఇంట్లోనే వదిలేయండి, చెక్-ఇన్‌లో ఒప్పుకోరు. లడ్డూలకు ఏ అడ్డూ లేదు, ఢిల్లీలో ఎవరికిచ్చినా కళ్లకద్దుకుంటారు.

నెల అంటారా, డిసెంబరు చివర, జనవరి వద్దే వద్దు. పొగమంచుకు ఫ్లైట్లు గంటలకొద్దీ ఆగిపోతాయి, మన ఎండలకు అలవాటైన ఒళ్లు ఆ చలికి తట్టుకోదు. ఫిబ్రవరి, మార్చి హాయి. రాష్ట్రపతి భవన్ అమృత్ ఉద్యాన్ కూడా ఆ రోజుల్లోనే తెరుస్తారు, టికెట్ లేదు, ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకోవాలి. సోమవారం పెట్టుకోకండి. ఎర్రకోట, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్ అన్నిటికీ ఆ రోజు సెలవు. అక్షర్‌ధామ్ లోపలికి ఫోన్లు రానివ్వరు, గేటు దగ్గర ఇచ్చేయాలి. ఎవరెక్కడ కలవాలో ముందే అనుకోండి.

మూడో టెర్మినల్‌లో దిగితే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రోలో ఇరవై నిమిషాల్లో న్యూఢిల్లీ స్టేషన్. ట్రాఫిక్‌లో ట్యాక్సీ కంటే నయం.

తిండి సంగతి. రెండో పూటకే రొట్టెలంటే మా అమ్మకు మొహం మొత్తింది. అశోకా రోడ్డులో ఏపీ భవన్ క్యాంటీన్ ఉంది, పప్పు, చారు, కారంగా కూర, అన్నం కడుపునిండా. మధ్యాహ్నం రద్దీ ఎక్కువ, కాస్త ముందే పోండి. గోల్ మార్కెట్ దగ్గర టీటీడీ బాలాజీ గుడి కూడా ఉంది. తిరుపతి వాళ్లం ఢిల్లీకొచ్చి ఆ గుడికేనా అని నేను నవ్వాను. అమ్మ మాత్రం "ఇక్కడ జరగండి, జరగండి అనేవాళ్లు లేరు" అని స్వామి ఎదుట చాలాసేపు నిలబడిపోయింది.

ఢిల్లీకి మూడు రోజులు సరిపోతుంది. ఆగ్రా కలిపితే ఇంకో రోజు వేసుకోండి, కానీ తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు.