ఇంటి ప్రింటర్‌తో మోడల్ రైళ్లకు డెకల్స్ చేసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీ దగ్గర హెచ్‌ఓ స్కేల్ (అసలు బండిలో 87వ వంతు) నీలం ఐసీఎఫ్ (చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ పాత రకం) కోచ్‌లు రెండున్నాయి. వాటికి నంబర్లు, గోల్కొండ ఎక్స్‌ప్రెస్ బోర్డు, చివరి కోచ్ వెనక పసుపు ఇంటూ గుర్తు వేయాలి. ఇంట్లో ఇంక్‌ట్యాంక్ ప్రింటర్ ఉంది. స్టిక్కర్ పేపర్ మీద ప్రింట్ తీసి అతికిస్తే అంచులు లేచి అట్టముక్క పెట్టినట్టు కనిపిస్తోంది.

డెకల్స్, అంటే నీళ్లలో నానబెట్టి కాగితం మీంచి జార్చి అతికించే పల్చటి పొర బొమ్మలు, ఇంట్లోనే చేసుకోవచ్చండీ. నాలుగేళ్లుగా చేస్తున్నాను. కాకపోతే కాగితం కొనేముందు ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీ ప్రింటర్‌లో తెల్ల సిరా లేదు. తెల్ల అక్షరం ప్రింట్ చేయమంటే అది అక్కడ ఏమీ వేయకుండా వదిలేస్తుంది, మనకు కనిపించే తెలుపు కాగితానిది. మీరు పడబోయే తిప్పలన్నీ దీని దగ్గరే మొదలవుతాయి.

పసుపు రంగు ఉంది కదా అనుకుంటారు. నేనూ అనుకున్నాను. పారదర్శక డెకల్ కాగితం మీద ఇంటూ గుర్తు నిండు పసుపులో తీశాను. కాగితం మీద ఉన్నంతసేపు బంగారంలా మెరిసింది. నీటిలో నానబెట్టి ముదురు నీలం కోచ్ వెనక జారిస్తే మాయం. టార్చి వేసి పక్కనుంచి చూస్తే మురికి ఆకుపచ్చ నీడలా ఏదో కనిపించింది, అంతే. ప్రింటర్ సిరా పెయింట్ లాంటిది కాదు, రంగు గాజులాంటిది. వెనకున్న రంగు దానిలోంచి బయటికి వచ్చేస్తుంది.

కాబట్టి లేత రంగు బండికి పారదర్శక కాగితం, ముదురు రంగు బండికి తెల్ల కాగితం తీసుకోండి. లాలాగూడ షెడ్ వాప్-7 లాంటి తెల్లటి ఇంజిన్ అయితే ఎర్ర పట్టీని పారదర్శక కాగితం మీద తీసి నేరుగా వేసేయొచ్చు. మీ నీలం కోచ్‌లకు మాత్రం తెల్లదే కావాలి. ఇంటూ గుర్తుకైతే ఇది సులువు. తెల్ల కాగితం మీద పసుపు ముక్క ప్రింట్ చేసి, స్టీల్ స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో సన్నటి పట్టీలు రెండు కోసి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేయండి. కోసిన అంచు తెల్లగా కనిపిస్తుంది, దానికి పసుపు మార్కర్ తాకిస్తే సరి. బోర్డు ఎలాగూ దీర్ఘచతురస్రమే కాబట్టి అదీ ఇబ్బంది పెట్టదు.

కష్టమంతా నంబర్లతోనే. నీలం మీద పసుపు అంకెలు రావాలంటే తెల్ల కాగితం మీద అంకెల చుట్టూ నీలం నింపి ప్రింట్ చేయాలి, ఆ నీలం మీ కోచ్ నీలంతో కలవాలి. నేను ఇరవై రకాల నీలాలు చిన్న చిన్న గడులుగా ఒకే షీటు మీద తీసి, క్లియర్ కోట్ (పైన కొట్టే రంగులేని స్ప్రే) కొట్టి, ఆరాక పగటి వెలుతురులో కోచ్ పక్కన పెట్టి చూశాను. క్లియర్ కోట్ పడగానే రంగు ఒక మెట్టు ముదురుతుంది, అందుకే కొట్టకముందు పోల్చి లాభం లేదు. దగ్గరగా వచ్చినదాన్ని ఎంచుకుని, అతికించాక కోచ్‌కి వాడిన పెయింట్‌నే సన్న బ్రష్షుతో అంచు మీద లీలగా రాశాను. మూరెడు దూరం నుంచి చూస్తే తెలియదు. నిజం చెప్పాలంటే ఇప్పుడు ఆ పని మానేశాను. చిన్న తెల్ల, పసుపు అంకెలు రెడీమేడ్ డెకల్స్‌గా దొరికితే అవే కొంటాను, మిగతావన్నీ ఇంట్లో చేసుకుంటాను. అంత చిన్న అంకెల కోసం రెండు ఆదివారాలు పోగొట్టుకోవడం నాకు నచ్చలేదు.

కాగితం కొనేటప్పుడు ఇంక్‌జెట్‌దా లేజర్‌దా అన్నది రెండుసార్లు చూడండి. ఇక్కడ నాకో చేదు అనుభవం ఉంది. మొదట్లో ఇంట్లో ప్రింటర్ లేదు, ఇంక్‌జెట్ డెకల్ షీటు పట్టుకుని మా వీధి జిరాక్స్ షాపుకి వెళ్లాను. అక్కడిది లేజర్ మెషీన్. లోపల టోనర్‌ని కరిగించి అతికించే రోలరు దాదాపు 200 డిగ్రీల దాకా వేడెక్కుతుందని నాకప్పుడు తెలియదు. షీటు సగం బయటికొచ్చి ఆగింది, మిగతా సగం మీది పొర కరిగి రోలరుకు చుట్టుకుంది. షాపాయన నన్ను తిట్టలేదు, కానీ రోలరు మార్చిన డబ్బులు నేనే ఇచ్చాను. ఇప్పటికీ ఆ వీధిలో వెళ్తే తల తిప్పుకునే పోతాను.

డిజైన్ ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో చేయండి, ఉచితం, తెలుగు అక్షరాలూ సరిగ్గా వస్తాయి. లెక్క తేలికే: అసలు బండి మీది కొలతను మిల్లీమీటర్లలో తీసుకుని 87తో భాగించండి. అడుగు ఎత్తు బోర్డు 3.5 మి.మీ. అవుతుంది, పది సెంటీమీటర్ల అక్షరం 1.15 మి.మీ. అవుతుంది. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఆ అక్షరం ఎత్తుకు దక్కేది పదమూడు చుక్కలే. ఇంగ్లిష్ పెద్దక్షరాలు దాంతో ఎలాగో గట్టెక్కుతాయి, మన లిపి గట్టెక్కదు. నా బోర్డులో 'గుంటూరు' చక్కగా వచ్చింది. 'సికింద్రాబాద్'లో ద కింది ర ఒత్తు అలికేసింది. 'ఎక్స్‌ప్రెస్' అయితే రెండు ఒత్తులూ, పొల్లూ కలిసిపోయి చీమను నలిపినట్టు తయారైంది. 600 డీపీఐకి మార్చి, బోల్డ్ తీసేసి, అక్షరాల మధ్య ఎడం కాస్త పెంచితే భూతద్దంలో చదవగలిగేలా వచ్చింది. లావు ఫాంటు చిన్న సైజులో బాగా కనిపిస్తుందనుకుంటాం, తెలుగుకు అది తిరగబడుతుంది. సన్న గీతే నయం.

ప్రింట్ కొట్టేటప్పుడు 'ఫిట్ టు పేజ్' ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే మీ 87 లెక్కంతా తెలియకుండానే కొంచెం కుంచించుకుపోతుంది. ముందు మామూలు కాగితం మీద తీసి, కత్తిరించి, కోచ్ మీద టేపుతో పెట్టి చూసుకోండి. తర్వాత గ్లాసీ ఫోటో పేపర్, బెస్ట్ క్వాలిటీ అని పెట్టి డెకల్ షీటు మీద తీయండి. షీటు నిండా నింపండి, ఒక్కోటి నాలుగేసి కాపీలు ఉండాలి. రెండు చిరుగుతాయి, ఒకటి వంకరపోతుంది.

ఇంక్‌జెట్ సిరా నీళ్లకు కరుగుతుంది కాబట్టి ప్రింట్‌ను రాత్రంతా ఆరనిచ్చి, దాని మీద క్లియర్ అక్రిలిక్ స్ప్రే కొట్టాలి. మొదటి రెండు కోట్లు మంచు పడ్డట్టు పలచగా, పావుగంట ఎడంతో వేయండి, మూడోది కాస్త తడిగా. తొందరపడి మొదటే తడిపేస్తే సిరా పాకుతుంది. బ్రష్షుతో వార్నిష్ రాయొద్దు, అలికిపోతుంది. ఇంకోటి, వానాకాలంలో సాయంత్రాలు స్ప్రే పెట్టుకోకండి. జూలైలో ముసురు పట్టిన రోజు బాల్కనీలో కొడితే పొర మీద పాలు ఒలికినట్టు తెల్లగా పొగచూరింది. గాలిలో తేమ తడి స్ప్రే పొర మీద అలా పేరుకుంటుంది. ఎండ కాసిన రోజు మళ్లీ పలచగా ఒక కోటు కొడితే చాలావరకు పోయింది, మూలల్లో మాత్రం మిగిలింది.

అతికించేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు, మ్యాట్ పెయింట్ మీద నేరుగా వేయడం. మ్యాట్ ఉపరితలం గరుకుగా ఉంటుంది, డెకల్ కింద గాలి చిక్కుకుని వెండి పొరలా మెరుస్తుంది. ముందు కోచ్ మీద నున్నగా మెరిసే గ్లాసీ కోటు కొట్టి ఆరనివ్వండి. కొన్న డెకల్‌లో పొర బొమ్మ చుట్టూ మాత్రమే ఉంటుంది, మనది షీటంతా ఉంటుంది. అందుకే గీతకు వీలైనంత దగ్గరగా కత్తిరించాలి.

ముక్కను గోరువెచ్చటి నీళ్లలో అరనిమిషం ముంచి, తీసి టిష్యూ మీద ఒక నిమిషం వదిలేయండి. వేలితో తోసి చూస్తే పొర కాగితం మీద కదులుతుంది. అప్పుడు కోచ్ మీద చుక్క నీరు రాసి, కాగితాన్ని పక్కన ఆనించి, తడి బ్రష్షుతో పొరను జార్చండి. కదలకపోతే బలవంతం చేయొద్దు, ఇంకాసేపు నాననివ్వండి. చోటు కుదిరాక ఇయర్‌బడ్‌తో మధ్యలోంచి అంచులకు నీళ్లు నొక్కేయండి. డెకల్‌ను మెత్తబరిచే మైక్రో సెట్ ద్రవం ఉంటే మంచిది, లేకపోతే వంటింటి తెల్ల వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి రాసినా పొర మెత్తబడి బాగానే పడుకుంటుంది. ఇల్లంతా పచ్చడి వాసనొస్తోందని మా ఆవిడ గొణుగుతుంది, అది మీ ఇంటి సంగతి. మర్నాడు పైన మ్యాట్ కోటు కొడితే డెకల్ మెరుపూ కోచ్ మెరుపూ ఒకటైపోతాయి.

స్టేషన్ బోర్డుకు మాత్రం డెకల్ కాగితం వృథా చేయకండి. పసుపు మీద నలుపు, పైన తెలుగు, మధ్యలో హిందీ, కింద ఇంగ్లిష్. మామూలు ఫోటో పేపర్ మీద తీసి పల్చటి ప్లాస్టిక్ ముక్కకు అతికిస్తే చాలు.

ఏ నంబర్ వేయాలని కూడా అడిగారు. ఐసీఎఫ్ కోచ్ నంబర్లో మొదటి రెండంకెలు తయారైన సంవత్సరం. ఈ రకం కోచ్‌ల తయారీ 2018లో ఆగిపోయింది కాబట్టి 21తో మొదలుపెడితే తెలిసినవాడు నవ్వుతాడు. నీలం కోచ్‌కి 98 గానీ 05 గానీ వేసుకోండి. నేను ఒక పాత మెరూన్ కోచ్‌కి, అంకెలు అందంగా ఉన్నాయని 05తో మొదలయ్యే నంబర్ వేశాను. మా నాన్న కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కళ్లజోడు పైకెత్తి, కోచ్‌ని ముక్కు దాకా తెచ్చుకుని చూసి, "బాగుంది గానీ, రెండువేల ఐదులో కొత్త కోచ్‌కి మెరూన్ రంగు ఎవడేశాడ్రా?" అన్నారు. అంటించడానికి రెండు గంటలు పట్టింది, గీకడానికి పూటంతా పట్టింది. ఇప్పుడు దాని మీద 86 ఉంది.