కుడి పురికీ ఎడమ పురికీ మధ్య అంత చిన్న తేడాని ఎలా నమ్ముతారు?

అమలాపురంలో బీఎస్సీ చదువుతున్న ఒకరు అడిగారు: ఎలక్ట్రాన్లని న్యూక్లియస్ మీదకి కొట్టి, ప్రకృతికి కుడి ఎడమల తేడా తెలుసని చెబుతారు కదా. ఆ తేడా కోటికి ఒకటో రెండో అయినప్పుడు, అది మిషను తప్పు కాదని ఎలా నమ్మాలి? మన కాలేజీ ల్యాబులో ఇలాంటిది చేయగలమా?

నాది మండపేట దగ్గర పల్లెటూరు. ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ చదివాను (ఆ డిపార్ట్‌మెంటుకి పునాది వేసిన స్వామి జ్ఞానానంద మన భీమవరం దగ్గర గొరగనమూడి ఆయనే, చాలామందికి తెలీదు). పీహెచ్‌డీలో సరిగ్గా ఇలాంటి ప్రయోగానికే రెండేళ్లు నైట్ షిఫ్టులు చేశాను. అందుకని నమ్మకం సంగతి చెప్పగలను.

మా చిన్నప్పుడు కళ్లంలో ధాన్యం తూచేటప్పుడు తాతయ్య మొదటి తూకం అవగానే వర్తకుణ్ణి ఆపేవాడు. "రాళ్లు ఇటూ ధాన్యం అటూ పెట్టవయ్యా" అనేవాడు. రెండు తూకాలూ ఒకటైతే సరే, లేకపోతే తక్కెడలో పాసంగం ఉన్నట్టు. ఆ పాసంగం ఎంతో, ఎక్కణ్ణించి వచ్చిందో ఆయనకి అక్కర్లేదు. రెండు తూకాల సగటు కట్టేవాడు, పాసంగం కొట్టుకుపోయేది. మేం చేసిందీ ఇదే, కాకపోతే సెకనుకి కొన్ని వందల సార్లు.

కొబ్బరి పీచు తాడు చూసే ఉంటారు. కుడి పురి తాడుని అద్దం ముందు పెడితే ఎడమ పురి తాడులా కనిపిస్తుంది. ఎలక్ట్రాన్‌కీ స్పిన్ అనే బొంగరం లాంటి గుణం ఉంది కాబట్టి, తను వెళ్లే దిక్కుని బట్టి పురి ఉంటుంది. ఎదురుగా ఉన్న న్యూక్లియస్‌లకి ఏ పురీ లేనప్పుడు, అద్దంలో ప్రపంచం కూడా ఇలాగే నడిచేదైతే, రెండు రకాల ఎలక్ట్రాన్లూ సమానంగా చెదరాలి. విద్యుదయస్కాంత బలం ఆ మాట తప్పదు. తప్పేది వీక్ ఫోర్స్, అంటే న్యూక్లియస్‌లో బీటా క్షయానికి కారణమయ్యే బలహీన బలం. 1956లో లీ, యాంగ్ అనే ఇద్దరు సిద్ధాంతవేత్తలు ఈ అనుమానం లేవదీశారు. రేడియోధార్మిక కోబాల్ట్-60ని విపరీతంగా చల్లబరిచి 1957లో వూ అనే శాస్త్రవేత్త దాన్ని రుజువు చేసింది. నోబెల్ మాత్రం వాళ్లిద్దరికే ఇచ్చారు, నాకది ఇప్పటికీ మింగుడుపడదు. చెదరడంలో ఈ తేడాని 1978లో స్టాన్‌ఫర్డ్‌లో ప్రెస్కాట్ బృందం పట్టుకుంది, పదివేలకి ఒకటి స్థాయిలో. ప్రోటాన్ల మీద అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్ చేసిన క్యూ-వీక్ అనే ప్రయోగం ఫలితం 2018లో వచ్చింది. చెదిరినవి మొత్తం వంద కోట్లు అనుకుంటే రెండు పురుల మధ్య తేడా 226.5, అటూ ఇటూ 9.3. ఎడమ పురివే ఎక్కువ.

ఇక లెక్క చూడండి. కోటికి ఒకటి తేడా పసిగట్టాలంటే కనీసం కోటి కోట్ల ఎలక్ట్రాన్లు లెక్కలోకి రావాలి, అప్పుడు కూడా తేడా ఎంతో తప్పూ అంతే. ఒక్కొక్కటీ ఎవడు లెక్కపెడతాడు? అందుకే డిటెక్టర్ నుంచి వచ్చే కరెంటునే కొలుస్తారు. క్యూ-వీక్‌లో పురిని సెకనుకి 960 సార్లు ఖరారు చేసేవారు. అది కూడా కుడి, ఎడమ, ఎడమ, కుడి అని నాలుగేసి వరసలో, లేదా దానికి తిరగేసి. ఏ వరసో లాటరీ వేసినట్టు నిర్ణయమయ్యేది. బీమ్ మెల్లగా పెరుగుతున్నా తగ్గుతున్నా ఆ నాలుగింట్లో చెల్లుకు చెల్లు అయిపోతుంది. అంత తొందరెందుకంటే, బీమ్ వేడికి లక్ష్యంలోని ద్రవ హైడ్రోజన్ కుతకుతలాడుతుంది. అది కదిలే లోపు రెండు పురులూ చూసేయాలి.

ఇన్ని చేసినా పాసంగం దూరుతుంది. మా దగ్గర ఒక ఛానల్‌కి డిటెక్టర్ బదులు మామూలు బ్యాటరీ తగిలించి ఉండేది. బ్యాటరీకి స్పిన్ ఏం తెలుసు? దాని తేడా సున్నా రావాలి. ఒక రాత్రి మూడింటికి సున్నా రాలేదు. ఎలక్ట్రాన్లని పుట్టించే లేజర్ దారిలో, కాంతి పురిని తిరగేసే హాఫ్‌వేవ్ ప్లేట్ అనే బిళ్ల పెట్టాను. అది పెడితే ఎలక్ట్రాన్ల పురి తిరగబడుతుంది, వైర్లలో నడిచే సిగ్నల్ మాత్రం మారదు. అంటే అసలు తేడా ప్లస్ నుంచి మైనస్ అవాలి, దొంగ తేడా అలాగే ఉండాలి. బ్యాటరీది కదల్లేదు. టెన్షన్‌తో ర్యాకు వెనక పాకి చూస్తే, మధ్యాహ్నం ఆసిల్లోస్కోప్ కోసం నేనే తగిలించి మర్చిపోయిన కేబుల్! పురి మార్చే సిగ్నల్ దానిగుండా ఎర్త్ లైన్లోకి కారుతోంది. పదకొండు గంటల డేటా చెత్తబుట్టలో పడింది. లాగ్‌బుక్‌లో నా పేరుతోనే రాసుకున్నాను.

తేడా అన్నిచోట్లా ఇంత చిన్నదేం కాదు. లాంథనం-139లో 0.734 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కుడి పురి, ఎడమ పురి న్యూట్రాన్లని న్యూక్లియస్ పట్టుకోవడంలో సుమారు పది శాతం తేడా ఉంటుంది. అక్కడ న్యూక్లియస్‌లోని రెండు రకాల శక్తి స్థాయిలు దగ్గర దగ్గరగా ఉండి కలగలిసిపోవడమే కారణం.

కాలేజీలో ఎలక్ట్రాన్ బీమ్ కుదరదు. పోలారిమీటర్ (ఒక ద్రవం ధ్రువిత కాంతి తలాన్ని ఎన్ని డిగ్రీలు తిప్పిందో కొలిచే పరికరం) ఉంటే చాలు, పద్ధతి చేతికొస్తుంది. చక్కెర మిల్లు ల్యాబుల్లో చెరకు రసం చూసేది దాంతోనే. చక్కెర నీళ్లు కాంతిని కుడికి తిప్పుతాయి కాబట్టి అదే పారిటీ ఉల్లంఘన, అంటే పైన చెప్పిన అద్దం నియమం చెడడం అనుకునేరు, కాదు. ఆ అణువుకి అద్దంలో ప్రతిబింబం లాంటి అణువు చేస్తే అది సరిగ్గా అంతే ఎడమకి తిప్పుతుంది, నియమం ఎక్కడా చెడలేదు.

పది గ్రాముల పంచదార కరిగించి 100 మిల్లీలీటర్లు చేయండి. 20 సెంటీమీటర్ల గొట్టంలో పోస్తే 13.3 డిగ్రీల దగ్గర రావాలి. తరవాత గొట్టాన్ని ఆ చివర ఈ చివరకి తిప్పి పెట్టి మళ్లీ చూడండి. చక్కెర వల్ల వచ్చిన తిప్పు మారదు. రెండు రీడింగులూ కలవకపోతే ముందు గొట్టం మూతలు కాస్త వదులు చేయండి, మరీ బిగిస్తే ఆ గాజు బిళ్లలే ఒత్తిడికి కాంతిని పాడుచేస్తాయి.