బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే పర్వాలేదా?

ప్రశ్న: మారతహళ్లిలో ఓ ఇండిపెండెంట్ ఇంట్లోకి ఈమధ్యే అద్దెకి వచ్చాం. రెండేళ్ల బాబు ఉన్నాడు, వచ్చే నెల అనంతపురం నుంచి అత్తయ్య వచ్చి మాతోనే ఉంటారు. టేబుల్ అంచులకి అతికించే రబ్బరు ముక్కలు, సాకెట్ మూతలు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఇంటి ముందు సంపు, బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉన్నాయి. ఇంకా ఏమేం చూసుకోవాలి?
– ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: రబ్బరు ముక్కలు మంచివే గానీ, టేబుల్ అంచు తగిలితే మహా అయితే బొప్పి కడుతుంది. మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన గీజరే నాకు టెన్షన్ పెడుతోంది.

గ్యాస్ మండాలంటే గాలి కావాలి కదా. చిన్న బాత్రూమ్, లోపల గడియ, డిసెంబరు చలికి వెంటిలేటర్ కూడా మూసేసి ఉంటుంది, ఇక గాలి చాలక గ్యాస్ సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు తయారవుతుంది. సిలిండర్ గ్యాస్‌కి కావాలనే వాసన కలుపుతారు కాబట్టి లీకైతే తెలుస్తుంది, దీనికి ఆ భాగ్యం కూడా లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, దాంతో ఒంటికి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతొచ్చినట్టు ఉండటం... అత్తయ్యగారైతే బీపీ అనుకుని అక్కడే స్టూల్ మీద కూర్చుండిపోతారు, లేచి గడియ తీసే ఓపిక కూడా ఉండదు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అంటారు ఓనర్, ఒప్పుకోకండి, దాని స్విచ్ వేయడం మర్చిపోయే రోజు ఒకటి వస్తుంది. గీజర్‌ని గాలి బాగా ఆడే యుటిలిటీలోకి మార్పించి పైపు మాత్రం లోపలికి వేయించుకోండి. అప్పటిదాకా తలుపు బార్లా తీసి బకెట్లు నింపుకొని, గీజర్ కట్టేసి, కాసేపాగి స్నానం చేయండి.

కరెంటు గీజర్ పెట్టిస్తే మరొకటి చూడాలి. బోర్డులో ఎంసీబీలు ఉన్నాయి కదా అనుకోవద్దు, అవి వైర్లని కాపాడతాయి, మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కాస్త లీకైనా వెంటనే ఆపేసే స్విచ్. దాని మీదుండే చిన్న టెస్ట్ బటన్ నొక్కితే అది ట్రిప్ అయి కరెంటు పోవాలి, పోలేదంటే వెంటనే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

సంపుకి ఇనుప మూత, తాళం. ట్యాంకర్ అతను నింపి, మూత ఓరగా వదిలేసి వెళ్లిపోతాడు, కాబట్టి అతను కదిలేలోపే మీరు వెళ్లి చూసుకోవాలి, బాబుని ఎత్తుకుని మాత్రం కాదు.

స్టవ్ ట్యూబు ఐదేళ్లు దాటితే మార్చేయండి. గ్యాస్ వాసనొస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికొచ్చాక 1906కి ఫోన్ చేయాలి, ఆ నంబరు అత్తయ్యగారి ఫోన్‌లో కూడా వేసిపెట్టండి.